వెనిగర్ పోశాక గరిటె పెట్టకూడదు

మంగళవారం మధ్యాహ్నం క్యాంటీన్లో పెరుగన్నం తింటుంటే మెసేజి వచ్చింది.

"ఆదివారం గాల్వే వస్తున్నాను. అమ్మ అక్కడ అడోబో ఎలా చేసేదో నీకు తెలుసట. నేర్పిస్తావా?"

పంపింది ఆతే కూతురు. ఆతే అంటే ఫిలిప్పీన్స్ వాళ్ళ భాషలో అక్క. యాభై దాటిన మనిషిని అక్కా అనడం మొదట్లో నాకు ఇబ్బందిగా ఉండేది. కానీ గాల్వేలో ఉన్న ఫిలిపినోలందరూ ఆవిడను అలాగే పిలిచేవారు. బస్సు డ్రైవరు కూడా అలాగే పిలిచేవాడు. ఆవిడ ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో పనిచేసేది. నేను గుండె రక్తనాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంజనీర్ని. మూడేళ్ళు ఒకే ఇంట్లో చెరో గదీ అద్దెకు తీసుకుని ఉన్నాం. వంటగది ఒక్కటే. పోయిన చలికాలంలో ఆవిడ గుండెపోటుతో పోయింది. నొప్పి మొదలైనప్పుడు పొయ్యిమీద ఉన్నది అడోబో, అంటే ఆవిడ వండే పంది మాంసం కూర. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే.

మెసేజి చదివి డబ్బాకి మూత పెట్టేశాను.

ఆ అమ్మాయికి తెలిసినవి నాలుగు. అమ్మ వంట చేస్తోంది. నొప్పి వచ్చింది. పక్కగది కుర్రాడు అంబులెన్స్ పిలిచాడు. మూడోరోజు అమ్మ పోయింది. తెలియనిది ఒక్కటే. నొప్పి మొదలవడానికీ నేను ఫోన్ అందుకోవడానికీ మధ్య పదకొండు నిమిషాలు గడిచాయి. ఆ పదకొండు నిమిషాల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆతే కూతురు నర్సు. కార్లో అనే ఊరి దగ్గర ఒక ఆస్పత్రిలో ఈమధ్యే చేరింది. గుండెపోటులో నిమిషం అంటే ఏమిటో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు.

"సరే, రా" అని జవాబు పెట్టాను. చెప్పాలా వద్దా అన్నది తేలలేదు. ఆదివారానికి మధ్యలో నాలుగు రోజులున్నాయి. ఆ నాలుగు రోజులూ దీని గురించి ఆలోచించాలని కూర్చున్నప్పుడల్లా ఆతేయే కళ్ళముందుకొచ్చి నిలబడేది.

ఆతే దేన్నీ వేలుపెట్టి చూపించేది కాదు. మూతిపెట్టి చూపించేది. ఉప్పెక్కడుందీ అని అడిగితే రెండు పెదాలూ ముద్దు పెట్టేటట్టు ముందుకు సాచి, గోడకున్న అల్మరా వైపు తిప్పేది. ఇక్కడ అల్మరాని ప్రెస్ అంటారు. పై ప్రెస్‌కి మూతి పైకి, కింది ప్రెస్‌కి కిందికి. అవును అనడానికి తల ఊపేది కాదు, కనుబొమలు ఎగరేసేది. మన దగ్గర కనుబొమలు ఎగరేస్తే 'ఏంటి?' అని అర్థం కదా. మొదటి నెలంతా ఆవిడ అవునన్నప్పుడల్లా నేను అడిగిందే మళ్ళీ అడిగాను. ఆవిడ మళ్ళీ ఎగరేసేది. నేను మళ్ళీ అడిగేవాణ్ణి. నాకు చెవుడని ఆవిడ కొన్నాళ్ళు నమ్మింది. చెవి దగ్గరకొచ్చి గట్టిగా మాట్లాడేది, కేర్ హోమ్‌లో ముసలాళ్ళతో మాట్లాడినట్టు.

నన్ను 'సర్' అనేది. గౌరవం కాదు, ఎగతాళి. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషే, కానీ నాకిప్పుడు అది తెలుగులోనే వినిపిస్తోంది. "సర్, చెత్తబుట్ట నిండింది." "సర్, మీ పప్పు పొంగుతోంది." "సర్ గారు ఇవాళ దేన్ని తూకం వేస్తున్నారు?"

ఆ చివరిది నా వంటకాటా గురించి. నేను బియ్యం గ్రాముల్లో తూచుకుంటాను. నీళ్ళు మిల్లీలీటర్లలో. ఆతే గిన్నెలో బియ్యం పోసి, నీళ్ళు పోసి, బియ్యం మీద చూపుడువేలు నిలబెట్టేది. మొదటి కణుపు దాకా నీళ్ళుంటే చాలు. ఒక గ్లాసు బియ్యమైనా, పది గ్లాసులైనా అదే కణుపు. ఇది గణితం ప్రకారం కుదరదని నేను కాగితం మీద బొమ్మ గీసి నిరూపించాను. ఆవిడ ఆ కాగితం మీద కుక్కర్ పెట్టుకుంది, కింద తడి కాకుండా. అన్నం ఎప్పుడూ ఆవిడదే పొడిపొడిగా వచ్చేది.

ఆవిడ భయాలు ఆవిడకుండేవి. తడితలతో పడుకుంటే కళ్ళు పోతాయి. వేడిపని చేసిన చేతులు వెంటనే చన్నీళ్ళలో పెడితే పాస్మా వస్తుంది. చేతులు వణికినా, చెమట పట్టినా, నరాలు లాగినా అన్నిటికీ పాస్మాయే కారణం. కేర్ హోమ్‌లో ఇరవై ఏళ్ళుగా ఒకరికి బీపీ చూసీ, ఇంకొకరికి మందులు లెక్కపెట్టి ఇచ్చీ, ఇంటికొచ్చాక తన ఒంటికి మాత్రం పాస్మా వైద్యమే. చిన్న సీసాలో ఆకుపచ్చ మెంథాల్ నూనె ఉండేది. దాంతో మోచేతుల దాకా రుద్దుకునేది. ఎవరు గుమ్మం దాటినా "ఇంగాత్" అనేది. జాగ్రత్త అని అర్థం. చెత్తబుట్ట బయట పెట్టడానికి నేను పది అడుగులు వెళ్ళినా ఇంగాతే.

నా భయాలు నాకుండేవి. ముందు చెప్పాల్సింది పంది. మా తెనాలిలో పందులు కాలవల్లో తిరిగేవి. ఎండాకాలం పోయి వానలు పడగానే మునిసిపాలిటీ ఆటో మైకులో మెదడువాపు గురించి చెప్పుకుంటూ వెళ్ళేది. పంది అంటే నాకు మాంసం కాదు, జబ్బు. ఆ ఇంట్లో దిగిన మొదటి ఆదివారం వంటగదిలోంచి వెల్లుల్లీ, మిరియాలూ, సోయా సాసూ, ఘాటైన పులుపూ కలిసిన వాసన వచ్చింది. ఏమిటని అడిగితే చెప్పింది. నేను నా గరిటెలు, గిన్నెలు, కత్తి, చివరికి గిన్నెలు తోమే స్పాంజి కూడా గదిలోకి తెచ్చేసుకున్నాను.

మా అమ్మతో ఫోన్లో చెప్పాను. "ఏరా, అదే పొయ్యి మీదా నువ్వూ వండుకునేది?" అంది.

"పొయ్యి వేడికి ఏ క్రిమీ బతకదమ్మా."

"క్రిముల సంగతి నేనడిగానా?"

ఫోన్ పెట్టేసి పొయ్యి ఇంకోసారి తుడిచాను.

ఆతేకి మాత్రం అడోబో పూజలాంటిది. పంది పొట్టభాగం, తోలుతో సహా కావాలి. ఇక్కడ కసాయివాళ్ళు తోలు ఒలిచేసి అమ్ముతారు. అందుకని రెండు రోజుల ముందే చెప్పి పెట్టుకునేది. ముక్కలు అగ్గిపెట్టెంత. వెల్లుల్లి ఒకటి కాదు, గడ్డకి గడ్డ. మిరియాలు దంచకుండా. ఆవిడ వేసే బే ఆకు ఒకసారి అయిపోతే నా బిర్యానీ ఆకు ఇచ్చాను. వాసన చూసి, "ఇది ఆకు కాదు సర్, దాల్చినచెక్కకి చెల్లెలు" అని తిరిగి ఇచ్చేసింది. ముక్కలు మగ్గాక చెరకు వెనిగర్ పోసేది. అక్కడినించి ఇంట్లో కర్ఫ్యూ. మూత పెట్టకూడదు. గరిటె పెట్టకూడదు. గిన్నె కదపకూడదు. అది తనంతట తాను మరిగి, పచ్చి పులుపు ఆవిరైపోయేదాకా దాని జోలికి ఎవరూ పోకూడదు. మధ్యలో కలిపితే ఆ పచ్చితనం కూరలోనే ఉండిపోతుందట. ఇక ఎంతసేపు ఉడికించినా పోదట.

ఇది నాకు తెలియని రోజుల్లో ఒక తప్పు చేశాను. ఆవిడ వెనిగర్ పోసి, తలుపు దగ్గర పార్సెల్ తీసుకోవడానికి వెళ్ళింది. నేను నా టీ పెట్టుకుంటున్నాను. పక్క పొయ్యిమీద గిన్నె అడుగంటుతున్నట్టు చప్పుడైంది. మనింట్లో ఎవరి కూరైనా అడుగంటుతుంటే ఎవరు దగ్గరుంటే వాళ్ళు కలుపుతారు. అది సాయం. పులుసు కలిపినట్టు అడుగునించి మూడు తిప్పులు తిప్పాను.

వెనక్కి తిరిగితే ఆతే గుమ్మంలో ఉంది. పార్సెల్ చేతిలోనే ఉంది. ఆవిడ కోప్పడలేదు. ముఖంలో రక్తం లేదు.

"ఎన్నిసార్లు?" అంది.

"ఏమిటి?"

"ఎన్నిసార్లు కలిపావు?"

"మూడు."

కుర్చీలో కూలబడి, "ఆయ్ నాకూ" అంది. మన అయ్యో లాంటిది. తర్వాత చాలా నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "వెనిగర్ పోశాక కలిపితే ఆ ఇంట్లో ఏదో ఒకటి ఉడక్కుండా మిగిలిపోతుంది సర్. మా అమ్మ అలా అనేది. నా పెళ్ళికి వండిన అడోబో ఎవరో కలిపారు." ఆగింది. "మా ఆయన సంగతి నీకు తెలుసుగా."

తెలుసు. కూతురికి ఏడేళ్ళప్పుడు వదిలేసి పోయాడు. ఆ తర్వాతే ఈవిడ కూతుర్ని తల్లి దగ్గర వదిలి ఇక్కడికొచ్చింది. దానికీ గరిటెకీ సంబంధం లేదని నేను అనలేదు. ఆ రోజు కూర తినకుండా మొత్తం కేర్ హోమ్ స్టాఫ్‌కి పంచేసింది. ఆ తర్వాత నేను ఆ గిన్నెకి మూడడుగుల లోపలికి పోలేదు. ఒక మనిషిని అంతగా భయపెట్టానన్న సంగతి నన్ను భయపెట్టింది.

రెండో ఏడు చలికాలంలో నాకు ఫ్లూ తగిలి ఐదు రోజులు లేవలేదు. నాలుగోరోజు తలుపు దగ్గర గిన్నె పెట్టి, "పంది. తినకపోయినా పర్లేదు. పక్కన గుడ్డు కూడా ఉంది" అని బయటినించే చెప్పి పోయింది. నేను మాంసంలో గుచ్చి చూసే థర్మామీటరు తెచ్చి ముక్కలో గుచ్చాను. డెబ్బై నాలుగు డిగ్రీలు, క్రిములు చావడానికి చాలు. అయినా గంటసేపు గిన్నె వంక చూస్తూ కూర్చున్నాను. చివరికి తిన్నది ధైర్యంతో కాదు, ఆకలితో. కొవ్వు నోట్లో కరిగిపోయింది. ఉప్పూ పులుపూ ముక్క లోపలిదాకా పట్టాయి. మర్నాడు తిన్న చేపల పులుసులా ఉంది. రాత్రంతా మెదడువాపు లక్షణాలు ఒక్కొక్కటీ సరిచూసుకుంటూ పడుకున్నాను. ఏవీ రాలేదు. పొద్దున ఖాళీ గిన్నె కడిగి ఇస్తే, ఆవిడ కనుబొమలు ఎగరేసింది.

అప్పటినించి ఆదివారాలు నేను నోటుపుస్తకం పట్టుకుని టేబుల్ దగ్గర కూర్చునేవాణ్ణి, మూడడుగుల అవతల. "వెనిగర్ ఎంత?" "వాసన వచ్చేంత." "సోయా?" "రంగు వచ్చేంత." "ఎంతసేపు?" "అయ్యేదాకా." ఒకరోజునించి ఆవిడ పోసే ముందూ పోశాకా సీసా తూచి, రహస్యంగా లెక్క రాసుకున్నాను. మూడు వారాల సగటు తీశాను. ఫోన్లో కూతురితో, నాకూ అర్థమవ్వాలని ఇంగ్లీషులో, "ఇక్కడొక ఇండియన్ అబ్బాయి నా అడోబోకి పరీక్ష రాస్తున్నాడు" అని చెప్పి నవ్వడం విన్నాను. ఆ అమ్మాయికి నా సంగతి తెలిసింది అలాగే.

ఇక ఆ రోజు.

శనివారం. ఆతేకి మర్నాడు డబుల్ డ్యూటీ. బాక్సులో పట్టుకెళ్ళడానికి ముందురోజే వండుకుంటోంది. నేను టేబుల్ దగ్గర లాప్‌టాప్‌లో రిపోర్టు రాస్తున్నాను. వెనిగర్ పోసింది. "సర్, కర్ఫ్యూ" అంది. నేను తల ఎత్తకుండానే సరేనన్నాను. అప్పుడు మైక్రోవేవ్ మీద గడియారం పన్నెండూ పద్నాలుగు. ఎందుకు చూశానంటే, మరగడానికి ఎంత పడుతుందో రాసుకోవడం నాకు అలవాటు.

కుర్చీ లాగిన చప్పుడైంది. చూస్తే ఆతే కూర్చుని, ఎడమచేతికి మెంథాల్ నూనె రుద్దుకుంటోంది.

"ఏమైంది ఆతే?"

"పాస్మా. పొద్దున వేడినీళ్ళలో బట్టలు పిండాను. వెంటనే చన్నీళ్ళు ముట్టుకున్నా."

నుదుటి మీద చెమట. హీటర్ వెయ్యలేదు, నేను స్వెటర్లో ఉన్నాను. "ఛాతీ కూడా బరువుగా ఉందా?" అని అడిగాను. కనుబొమలు ఎగరేసింది.

"గ్యాస్ అయ్యుంటుంది" అన్నాను.

మా ఇళ్ళలో బొడ్డుకి పైన ఏ నొప్పి వచ్చినా మొదట గ్యాసే. నాన్నకి వస్తే గ్యాస్, మామయ్యకి వస్తే గ్యాస్. మామయ్యకి అది గ్యాస్ కాదని తేలింది. అయినా మళ్ళీ ఎవరికైనా వస్తే ఇంట్లో మొదటి మాట గ్యాసే. నేను లేచి నా ప్రెస్‌లోంచి వాము తీసి, చిన్నగిన్నెలో నీళ్ళు పెట్టాను. పక్క పొయ్యిమీద. ఆవిడ గిన్నె కదలకుండా జాగ్రత్తగా.

మా ఫ్యాక్టరీలో లాకర్ల పక్కన ఒక పోస్టరుంది. గుండెపోటు లక్షణాలు. ఎడమ చెయ్యి లాగడం, చల్లటి చెమట, ఛాతీ బరువు, ఊపిరాడకపోవడం, వికారం. మేం తయారుచేసేది దేనికోసమో మేం మర్చిపోకూడదని పెట్టారు. నేను రోజుకి రెండుసార్లు దాని ముందు నిలబడి బూట్లు మార్చుకుంటాను. అది నాకు కంఠతా వచ్చు. వాము మరిగేటప్పుడు నాకు ఆ పోస్టరు గుర్తొచ్చింది. గుర్తు రాలేదని ఎవరికైనా చెబితే అది అబద్ధం. మూడు కలిశాయి.

"ఆతే, అంబులెన్స్ పిలవనా?" అన్నాను. అప్పటికి ఆరు నిమిషాలైంది.

"ఎందుకూ? సాయంత్రం దాకా కూర్చోబెట్టి, గ్యాస్ అని పంపిస్తారు. రేపు నా డ్యూటీ ఎవరు చేస్తారు, నువ్వా?" నవ్వబోయింది, ఊపిరి అందలేదు. "ఏదీ కదిలించకు సర్. మరగనీ."

నాకు ఆ క్షణంలో ఎలా అనిపించిందో రాయాలి. తేలిగ్గా అనిపించింది. పెద్దావిడ, ఇరవై ఏళ్ళు రోగుల మధ్య పనిచేసిన మనిషి, వద్దంది. నిర్ణయం నా చేతుల్లోంచి తీసేసుకుంది. ఫోన్ చేస్తే ఏమవుతుందోనన్న భయం, చెయ్యకపోతే ఏమవుతుందోనన్న భయం, రెండూ ఉన్నాయి. ఆవిడ ఒకదాన్ని తీసేసింది. నేను గిన్నె వైపు తిరిగాను. ఆవిడ ముఖం చూడకుండా ఉండటానికి అంతకన్నా మంచి చోటు ఆ వంటగదిలో లేదు. అంచుల్లో చిన్న బుడగలు. తర్వాత నడిమధ్యన. ఇంకా కాలేదు, ఇంకా కాలేదు. వాము నీళ్ళు వడకట్టి గ్లాసులో పోశాను. ఆవిడ పట్టుకుంది, తాగలేదు.

పన్నెండూ ఇరవై ఐదుకి పెద్ద బుడగలొచ్చాయి. "మరిగింది ఆతే" అని వెనక్కి తిరిగాను.

ముఖం బూడిదరంగులో ఉంది. గ్లాసు ఒళ్ళో ఒలికిపోయింది, ఆవిడకి తెలియలేదు.

అప్పుడు తీశాను ఫోన్.

అంబులెన్స్ నంబరులో అవతలి ఆవిడ గొంతు నెమ్మదిగా ఉంది. ఊపిరి తీసుకుంటోందా, మాట్లాడుతోందా, తలుపు గడియ తీసి ఉంచు. మాటమాటకీ "యూ ఆర్ గ్రాండ్, యూ ఆర్ డూయింగ్ గ్రాండ్" అంటోంది. ఈ దేశంలో బాగుందన్నా, ఫర్వాలేదన్నా, అన్నిటికీ గ్రాండే. నేను గ్రాండ్‌గా ఏమీ చెయ్యడం లేదని ఆవిడకి చెప్పాలనిపించింది. అంబులెన్సు వాళ్ళు వచ్చి ఆతేని కుర్చీతో సహా ఎత్తి మార్చారు. ముఖానికి మాస్కు పెట్టారు. గుమ్మం దాటేముందు ఆవిడ నావైపు తల తిప్పింది. ప్లాస్టిక్ మాస్కు లోపల పెదాలు ముందుకు సాచి, పొయ్యివైపు చూపించింది. ఆపెయ్యమని. పరుగున వెళ్ళి ఆపాను. తిరిగొచ్చేసరికి వ్యాను తలుపులు మూసేశారు. ఇంగాత్ అనలేదు, ఆవిడా నేనూ.

ఆ తర్వాత ఆస్పత్రి లోపలికి నన్ను రానివ్వలేదు, బంధువుని కాను కదా. మూడోరోజు కేర్ హోమ్ మేనేజరు ఫోన్ చేసి చెప్పింది. ఆ కూర ఏమైందని ఎవరూ అడగలేదు. దాన్ని పారెయ్యడానికి నాకు వారం పట్టింది. వెనిగర్‌లో ఉడికింది కాబట్టి చెడిపోలేదు కూడా.

ఒక్కసారి తెలుసుకోవాలని ప్రయత్నించాను. తెలుగువాళ్ళ ఇంట్లో భోజనాలప్పుడు వరంగల్ డాక్టరన్న పక్కన కూర్చుని అడిగాను. "అన్నా, గుండెపోటు వచ్చినాయనకి ఆస్పత్రికి ఓ పది నిమిషాలు లేటైతే ఏమవుద్ది?"

"ఎవలికిరా? నీకా?" ముద్ద ఆపి నా మణికట్టు పట్టుకున్నాడు.

"కాదన్నా, ఊరికే."

"ఊరికే ఎవడడుగుతడు?" నా ముఖంలోకి చూశాడు. "మనిషిని సూడకుంట ఏం జెప్తం? కొందరికి పది నిమిషాలు ఏం గాదు. కొందరికి గదే అంతా."

ఆ జవాబులో మొదటి సగం పట్టుకుని ఒక వారం బతికాను. ఆ తర్వాత రెండో సగం మొదలైంది.

ఆదివారం పదకొండున్నర బస్సుకి ఆ అమ్మాయి వచ్చింది. వాన. తల్లికన్నా పొడుగు. బ్యాగులో తోలుతో ఉన్న మాంసం తనే తెచ్చింది. గుమ్మంలో బూట్లు విప్పి, వంటగదిలోకి వచ్చి, అన్నీ ఒకసారి చూసింది. పొయ్యి, టేబుల్, కిటికీ, కుర్చీ.

"అమ్మ కూర్చున్నది ఏ కుర్చీ?" అంది.

చూపించాను. ఆమె దాన్లో కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు.

"నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ వచ్చేసింది. అప్పటి అడోబో రుచి కొంచెం గుర్తుంది. ఇక్కడ చేసేది నేనెప్పుడూ తినలేదు. ఫోన్లో చూశానంతే." వెల్లుల్లి ఒలవడం మొదలుపెట్టింది. "నువ్వు తిన్నావు కదా. నువ్వే చెప్పాలి, అదేనో కాదో."

నేను ముందు మూడు దారులు అనుకున్నాను. తినకముందు చెప్పడం, తిన్నాక చెప్పడం, ఎప్పటికీ చెప్పకపోవడం. ఆ మాట విన్నాక మూడో దారి మూసుకుపోయింది. తన తల్లి వంట రుచికి నన్ను సాక్షిగా నిలబెడుతోంది. సగం సాక్ష్యం ఎలా చెబుతాను?

నా లెక్కలు చదివి వినిపించాను. ఇంత సోయా, ఇన్ని మిరియాలు. ఆమె వింది గానీ దేన్నీ కొలవలేదు. వెనిగర్ పోసి చేతులు కట్టుకుని నిలబడింది. కలపొద్దని నేను చెప్పనక్కర్లేకపోయింది.

"నీకో విషయం చెప్పాలి" అన్నాను. "ఆ రోజు సరిగ్గా ఇలాగే వెనిగర్ పోశాక మొదలైంది. నేను వెంటనే ఫోన్ చెయ్యలేదు."

ఆమె గిన్నె మీదనించి కళ్ళు తియ్యలేదు. "ఎంతసేపు?"

"పదకొండు నిమిషాలు."

"చెమట పట్టిందా?"

"పట్టింది."

"చల్లగానా?"

"ముట్టుకోలేదు. హీటర్ లేదు."

"చెయ్యి?"

"ఎడమది. నూనె రుద్దుకుంది. పాస్మా అంది."

ఆమె కళ్ళు ఒక్క క్షణం మూసుకుంది. "నువ్వేమన్నావు?"

"గ్యాస్ అన్నాను. వాము నీళ్ళు పెట్టాను. లక్షణాలు నాకు తెలుసు. మా ఫ్యాక్టరీలో గోడమీద ఉంటాయి. ఆరో నిమిషంలో అంబులెన్స్ పిలవనా అని అడిగాను. వద్దంది. వద్దన్నందుకు నాకు హాయిగా అనిపించింది. తర్వాత ఐదు నిమిషాలు గిన్నె చూస్తూ నిలబడ్డాను."

"పదకొండని అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

"మైక్రోవేవ్ మీద గడియారం చూశాను."

"గడియారం చూశావు" అంది.

మొదటిసారి నావైపు తిరిగింది. టేబుల్ అంచు పట్టుకున్నాను. ఆమె నన్ను కొట్టినా బాగుండేది.

మళ్ళీ గిన్నె వైపు తిరిగి మాట్లాడింది. "డ్యూటీలో బంధువులెవరైనా ఇలా చెబితే, 'మీ తప్పేం లేదు, మీరు చెయ్యగలిగింది చేశారు' అంటాం. అలా అనమని మాకు నేర్పారు. నాకు బాగా వచ్చు కూడా. నీకు అనమంటావా?"

"వద్దు" అన్నాను.

"మంచిది."

కూర అయ్యేదాకా ఆమె పొయ్యి దగ్గరే నిలబడింది. ఒక ముక్క స్పూనులో తీసి నా ముందు పెట్టింది. తిన్నాను. పులుపు కొంచెం ఎక్కువైంది, మిగతాదంతా ఆవిడదే. అలాగే చెప్పాను. అప్పుడు తనూ ఒక ముక్క తింది, నిలబడే. నమిలింది, మింగింది, సింకు వైపు తిరిగి పంపు తిప్పి, నీళ్ళు అలా పోనిచ్చింది. భుజాలు కదిలాయి. నేను వంటగదిలోంచి బయటికి వచ్చేశాను. ఉండాలో వెళ్ళాలో నాకు ఎవరూ నేర్పలేదు.

బస్సు దాకా వెళ్ళాను. గొడుగు ఒకటే ఉంది, ఆమెకిచ్చాను. తీసుకుంది. బస్సు వచ్చాక మెట్టుమీద ఒక కాలు పెట్టి చెప్పింది. "చెప్పావు. అది నాకు గుర్తుంటుంది. కానీ నీ మీద నాకు కోపంగా ఉంది. ఎన్నాళ్ళుంటుందో తెలీదు. తగ్గితే నేను ఫోన్ చేస్తాను. నువ్వు చెయ్యొద్దు."

"సరే" అన్నాను.

ఇది జరిగి ఏడు వారాలైంది.

మా క్లీన్‌రూమ్‌లోకి, గొట్టాలు తయారయ్యే ఆ దుమ్ములేని గదిలోకి, ఫోన్ తీసుకెళ్ళకూడదు. షిఫ్టు అయ్యాక బయటికొచ్చి ముందు గౌను విప్పాలి, తర్వాత చేతి తొడుగులు, తర్వాత చేతులు కడుక్కోవాలి, ఆఖరున లాకర్. ఆ క్రమం రాసింది నేనే. ఏడు వారాలుగా తొడుగులతోనే పోయి లాకర్ తెరిచి, ఆమె ఫోన్ చేసిందేమోనని చూస్తున్నాను. మొన్న సూపర్‌వైజర్ చూసి మందలించబోయాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు.

"ఏమైంది? ఇంట్లో ఎవరికైనా బాలేదా?" అన్నాడు.

అవుననాలో కాదనాలో తేలక, మిస్డ్ కాల్ ఏదీ లేని ఫోన్ మళ్ళీ లాకర్లో పెట్టి, తొడుగులు విప్పడం మొదలుపెట్టాను.